స్టెల్లా పక్క చోటు

డెన్మార్క్,
సెప్టెంబరు

అత్తయ్యగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఫోన్‌లో నా మాట మీకు వినబడటం లేదని శ్యామ్ చెప్పాడు. కాగితమైతే కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువుకుంటారని రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను.

ఈ బడి ఊరికి దూరంగా, కోతలైపోయిన పొలాల మధ్య ఉంది. బడి అంటే పిల్లలది కాదు. ఇరవై ఏళ్ళవాళ్ళూ, డెబ్భై ఏళ్ళవాళ్ళూ వచ్చి నెలల తరబడి ఇక్కడే తిని, ఇక్కడే పడుకుని చదువుకుంటారు. ఒకరు కుండలు చేయడం నేర్చుకుంటారు, ఒకరు మగ్గం, ఒకరు చరిత్ర. పొద్దున్నే అందరూ కూర్చుని పాటలు పాడతారు. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. నేను తెనాలి కాలేజీలో కామర్సు చెప్పి, జవాబు పత్రాలు దిద్ది రిటైరైనవాణ్ణి. పరీక్ష లేకుండా మనిషి చదువుతాడంటే నాకింకా నమ్మకం కుదరలేదు.

స్టెల్లా అయితే వెంటనే నమ్మేది. బాపట్లలో ఏవో శిక్షణ తరగతులకు వెళ్ళినప్పుడు, ఇక్కడి నుంచి వచ్చినవాళ్ళు తనకు ఈ బడి సంగతి చెప్పారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది.

"ఏవండీ, పెద్దవాళ్ళకి హాస్టలు పెట్టి మరీ చదువు చెబుతారంట! వలంటీర్లుగా రమ్మంటున్నారు. వాళ్ళ గిన్నెలు తోమైనా సరే, చూసొద్దాం."

"నీ ఇష్టం" అన్నాను.

తనే రాసింది, తనే దరఖాస్తు పంపింది. పిలుపు ఇద్దరి పేర్లతో వచ్చింది. అప్పటికి తను లేదు. ఒక్కణ్ణే మిగిలానని రాస్తే, ఒక్కరే రండి అన్నారు. వచ్చాను. గిన్నెలు నేను తోముతున్నాను.

అంగలకుదురులో ఆడవాళ్ళకు సాయంత్రాలు అక్షరాలు నేర్పిన మనిషి కదా. ఆ పనిలో తన మొదటి విద్యార్థి మీరేనని ఎన్నిసార్లు చెప్పిందో. తను హైస్కూల్లో ఉండగా, మీరు నాట్లు వేసొచ్చి నిద్రకి తూలుతుంటే, చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించిందట. "మా అమ్మ తిట్టుకుంటూ నేర్చుకుంది" అని నవ్వేది. ఇక్కడి వాళ్ళకు ఆ సంగతి చెప్పాల్సింది తను. వారానికోసారి మన ప్రాంతం గురించి మాట్లాడమంటారు. నేను వరి గురించి చెబుతాను, కృష్ణ కాలవల గురించి చెబుతాను. స్టెల్లా గురించి చెప్పలేదు.

వంటింటి పెద్ద బోదిల్ అనే ఆవిడ. పొడగరి, గొంతు పెద్దది. మొదటి రోజు నన్ను అడిగింది: "క్యారెట్లు తరుగుతావా, తోటలో ఆపిల్స్ కోయడానికి వెళ్తావా?"

"మీ ఇష్టం" అన్నాను, ఇంగ్లీషులో.

"నా ఇష్టం నాకు తెలుసు. నీది అడిగాను."

"ఏదైనా పర్వాలేదు."

"ఏదైనా అనే కూరగాయ మా తోటలో లేదు" అంది.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. వంటింట్లో నాకు పేరు కూడా పెట్టారు, 'మీ ఇష్టం' అని. సోమవారం అందరూ గుండ్రంగా కూర్చుంటారు, బడిలో ఏం మారాలో ప్రతి మనిషీ చెప్పాలి. గిన్నెలు తోమేవాడు కూడా చెప్పాలి. నా వంతు రాగానే వాళ్ళే నా బదులు పలికేస్తున్నారు. నాలో మర్యాద అనుకున్నది ఇక్కడ హాస్యం అయింది. పర్వాలేదు.

నా గది కిటికీలోంచి చర్చి, దాని చుట్టూ సమాధులు కనిపిస్తాయి. ఆ సంగతి మళ్ళీ రాస్తాను.

మోకాళ్ళకి మందు రాసుకోవడం మానకండి.

మీ అల్లుడు,
అజయ్ బాబు


డెన్మార్క్,
అక్టోబరు

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం శ్యామ్‌కు చూపించకండి. చూపించినా సరే. మీ ఇష్టం.

ఇక్కడి సమాధులు తోటలా ఉంటాయి. ఒక్కో కుటుంబానికి చిన్న మడి, చుట్టూ కత్తిరించిన పొద, మధ్యలో ఒక రాయి. భార్యాభర్తలకు ఒకటే రాయి. ఒకరు ముందు పోతే ఆ పేరు పైన చెక్కి, కింద సగం ఖాళీగా వదిలేస్తారు. బతికున్న మనిషి ఆదివారం వచ్చి, తన పేరు రాబోయే చోటును చూసుకుంటూ పూలు పెట్టి వెళ్తారు. మొదటిసారి చూసినప్పుడు చప్పున మొహం తిప్పుకుని వచ్చేశాను. ఇప్పుడు ఆ ఖాళీ సగాల దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నాను.

స్టెల్లా పోయిన ఆ మార్చి రోజు గురించి మనమెప్పుడూ మాట్లాడుకోలేదు. రాస్తాను.

తెనాలిలో మా చర్చి సంఘం సమాధుల స్థలంలో కొత్త గుంట తవ్వడానికి చోటు లేదు. ఏ కుటుంబానికి ఆ కుటుంబం పాత సమాధి తెరిచి, అందులోనే పెట్టుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా అదే పద్ధతి. మాకున్నది మా అమ్మ సమాధి. సంఘపెద్ద ఆ మాట చెప్పగానే, స్టెల్లా తల దగ్గర కూర్చున్న మీరు లేచి నిలబడ్డారు.

"బతికినన్నాళ్ళూ ఆవిడ కిందే అణిగి ఉంది నా బిడ్డ. పోయాక ఆవిడ మీద పడుకోబెడతారా? నేనొప్పుకోను. మా ఊరు తీసుకుపోతాం."

మా అమ్మ పోయి పదేళ్ళు దాటింది. ఆవిడ నోటి దురుసు నాకు తెలియంది కాదు. అయినా ఊరి జనం ముందు, శవం ముందు, ఆ మాట. "ఏమంటావు బావా?" అన్నాడు శ్యామ్. అందరూ నా వంక చూశారు. కూతురు పోయిన తల్లితో వాదులాట ఏమిటనుకున్నాను. "మీ ఇష్టం అండి" అన్నాను.

నా భార్యను మీ నగరం ఊరికి తీసుకెళ్తుంటే, చావుకొచ్చిన చుట్టంలాగా డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాను. వెనక మీరూ, మా అమ్మాయి ఏంజెల్, శ్యామ్. రేపల్లె దాటేదాకా డ్రైవరు నన్ను "వాళ్ళకి మీరేమవుతారండీ?" అని అడుగుతూనే ఉన్నాడు. తమ్ముడిననుకున్నాడో, పాస్టరుననుకున్నాడో.

తర్వాత జూలైలో రాయి వేయించారు. నన్నడగలేదు. జ్ఞాపకార్థ కూడిక రోజు గుడ్డ తీశాక చదివాను. 'స్టెల్లా. కీర్తిశేషులు సుందరయ్య గారి కుమార్తె.' పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ. అంతే. పెళ్ళయి కాపరానికొచ్చి, ఒక బిడ్డను కని, నాతో ముసలిదైన మనిషి, ఆ రాయి మీద పెళ్ళికాని పిల్ల. మధ్యాహ్నం భోజనాల్లో శ్యామ్ నా ఆకులో గోంగూర వడ్డిస్తూ, "రాయి బాగుందా బావా?" అన్నాడు.

"బాగుంది" అన్నాను.

ఇంటికి వచ్చి ఈ బడివాళ్ళకు 'వస్తున్నాను' అని రాశాను. మనసు మళ్ళించుకోవడానికి వెళ్తున్నానని మీ అందరికీ చెప్పాను. నిజం అది కాదు. మీ ఊరి నుంచి ఎంత దూరం వీలైతే అంత దూరం పోవాలనిపించింది.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. మీ ఇంటి సమాధుల వరసలో మామయ్యగారికి అటుపక్క వాళ్ళ అన్నగారు ఉన్నారు. ఇటుపక్క స్టెల్లా. స్టెల్లాకు ఇటు ఒక్క మనిషికి సరిపడా చోటు, ఆ తర్వాత గోడ. ఆ చోటు మీకని అందరికీ తెలుసు. దాన్ని నాకు ఇవ్వండి. మీకు మామయ్యగారి సమాధి ఉంది. దాన్ని తెరిచి మిమ్మల్ని అందులో ఉంచవచ్చు, అలా చేయడం మీ ఊళ్ళోనూ ఉంది. ఆయన మీద పడుకోవడానికి మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. కాపరం బాగానే చేశారు కదా.

కటువుగా రాశాను. కొట్టివేయను.

మీ అల్లుడు,
అజయ్ బాబు


డెన్మార్క్,
నవంబరు చివర

అత్తయ్యగారికి,

మీ జవాబు నిన్న వచ్చింది. దాని గురించి చివర రాస్తాను.

సమాధుల పండుగ రోజు ఏంజెల్ బాపట్ల నుంచి వచ్చి సున్నం వేసిందనీ, బంతిపూలు పెట్టిందనీ, మీరు కుర్చీ వేయించుకుని కొవ్వొత్తులు కొండెక్కేదాకా కూర్చున్నారనీ ఫోన్‌లో చెప్పింది. "అమ్మమ్మ నీ ఉత్తరం బైబిల్లో పెట్టుకుంది నాన్నా. ఏం రాశావు? అడిగితే, మీ నాన్నకి నోరొచ్చింది అంటోంది" అంది. ఏమీ లేదులే అన్నాను.

ఆ వారమే ఇక్కడొకటి జరిగింది. చర్చి తోటమాలికి నడుం పట్టేసింది, ఒక చెయ్యి సాయం కావాలన్నాడు. వంటింటి నుంచి బోదిల్ నన్ను తీసుకెళ్ళింది. ఒక సమాధి రాయి తీయాలి. ఇక్కడ చోటు శాశ్వతం కాదట. గడువు ఉంటుంది. గడువు తీరాక పిల్లలు పొడిగించుకోకపోతే రాయి లేపేసి, ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఆ రాయి మీద ఒక రైతు పేరు, కింద 'అతని భార్య' అని ఆవిడ పేరు, అన్నిటికన్నా కింద 'అన్నిటికీ ధన్యవాదాలు' అని ఉంది. ముగ్గురం గునపాలతో లేపి ట్రాలీలోకి దొర్లించాం. ఏడ్చేవాళ్ళు లేరు. ప్రార్థన లేదు.

"దీన్ని ఏం చేస్తారు?" అని అడిగాను.

"పిండికొట్టి రోడ్ల కింద వేస్తారు" అన్నాడు తోటమాలి, చేతులు దులుపుకుంటూ.

ఆ మొగుడూ పెళ్ళాలు ఒకే రాయి మీద ఉండీ ఏం లాభపడ్డారు అనుకున్నాను. ఆ మాట నాకు ఊరట ఇవ్వలేదు. గడువు ఉన్నన్నాళ్ళయినా కలిసి ఉన్నారు కదా అనిపించింది.

తిరిగి వస్తూ బోదిల్ ఒక రాయి చూపించింది. పైన వాళ్ళాయన పేరు, కింద సగం ఖాళీ.

"అది నాకోసం వదిలారు. నేను వెళ్ళను" అంది.

"ఎందుకని?"

"నన్ను అడక్కుండా మా అత్తగారు రాయి అలా చెక్కించింది. వద్దని గట్టిగా చెప్పాను. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే కేకు చేసి పట్టుకొచ్చింది. నీ భార్య ఎక్కడుంది?"

"వాళ్ళ పుట్టింటి ఊళ్ళో."

"అదేంటి, నీ దగ్గర కాకుండా?"

"మా దగ్గర అలా ఉంటుంది" అన్నాను. అబద్ధం చెప్పాను. ఆవిడ "సరే, మీ ఇష్టం గారూ, పదండి, బంగాళాదుంపలు ఎదురుచూస్తున్నాయి" అంది.

ఇక మీ జవాబు. కవరు మీద నా పేరు చూసి తలుపు దగ్గరే నిలబడిపోయాను. మీ రాత ఇంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. అది స్టెల్లా రాత. తలకట్లు అలాగే పైకి లేచి ఉన్నాయి, 'బ' పొట్ట అలాగే పెద్దది. తను దిద్దించిన చెయ్యి కదా, ఇంకెలా ఉంటుంది. విప్పడానికి కొంత సమయం పట్టింది.

'ఉత్తరం అందింది. మీరు అడిగింది చదివాను. కాగితం మీద అడిగేది కాదు ఇది. వచ్చి అడగండి.'

వస్తాను.

మీ అల్లుడు,
అజయ్ బాబు


తెనాలి,
ఫిబ్రవరి

అత్తయ్యగారికి,

నిన్ననే మీ ఇంటి నుంచి వచ్చి, ఈ రోజే ఉత్తరం రాయడం చూసి శ్యామ్ నవ్వుతాడు. నవ్వనివ్వండి. నిన్న మీరన్నవి నేను సరిగా విన్నానో లేదో చూసుకోవడానికి రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి.

రేపల్లెలో రైలు దిగి, బస్సు పట్టుకుని వచ్చేసరికి మీరు వరండాలో మంచం మీద కూర్చుని ఎండు రొయ్యలు బాగుచేస్తున్నారు. శ్యామ్ పంపు దగ్గర బండి కడుగుతున్నాడు.

"ఏంటి బావా, ఫారిన్ వెళ్ళి తెల్లబడొస్తావనుకుంటే ఇలా నల్లబడ్డావేంటి?"

"గిన్నెలు తోమి తోమి అయ్యుంటదిలే" అన్నారు మీరు, తలెత్తకుండా. "కూర్చోండి. టీ తాగుతారా, మజ్జిగ తాగుతారా?"

'మీ' దాకా వచ్చి ఆగి, "టీ" అన్నాను.

శ్యామ్ భార్య టీ తెచ్చిచ్చింది. మీరు రొయ్య తల తుంచి ఒక పక్క వేస్తున్నారు, ఒళ్ళు ఇంకో పక్క. నేను గ్లాసు కింద పెట్టాను.

"స్టెల్లా పక్క చోటు నాకు కావాలండి."

మీరు ఇంకో రొయ్య తీసుకున్నారు.

"ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే అడుగుతున్నాను."

అప్పుడు చేట పక్కన పెట్టారు. మన సంబంధంలో మొదటిసారి నన్ను 'నువ్వు' అన్నారు.

"ఆ రోజు నేను కడుపు మండి నోరు పారేసుకున్నా. పోయినావిడని, మీ అమ్మని, అంతమందిలో అన్నా. నువ్వు నా మీద లేస్తావనుకున్నా. నా భార్యండీ, ఎక్కడికీ పంపను, ఇక్కడ చోటు లేకపోతే ఇంకోచోట చూస్తా, మీరెవరు తీసుకెళ్ళడానికి అంటావనుకున్నా. నీ మొహం వంకే చూశాను అబ్బాయ్. ఒక్క మాట అనుంటే వదిలేసేదాన్ని. నువ్వేమన్నావు?"

"మీ ఇష్టం అన్నాను."

"ఆ. అన్నేళ్ళు కాపరం చేసినదాన్ని నడింట్లో పెట్టుకుని, మీ ఇష్టం అన్నావు. అక్కర్లేని సామాను ఇచ్చేసినట్టు ఇచ్చేశావు. దారి పొడుగునా ఏడ్చాను నేను. చచ్చిపోయిందని కాదు. నా బిడ్డని నాదీ అని అక్కడ అడిగినోళ్ళు లేరని."

"అమ్మా, ఇక చాలు" అన్నాడు శ్యామ్, పంపు కట్టేసి.

"నువ్వూరుకో. రాయి సంగతి కూడా చెబుతా. నీ పేరు వేయిద్దామని వీడు ఒకటే గొడవ. వద్దన్నది నేను. అడగనోడి పేరు దేనికి అన్నా."

ఇన్నాళ్ళూ నేను శ్యామ్‌ను తిట్టుకున్నాను. అతను తడి చేతులతో అలాగే నిలబడ్డాడు.

"ఇప్పుడు అడిగానండి" అన్నాను.

"అడిగావు. విన్నాను. ఇవ్వను."

"ఎందుకని?"

"దాని పక్కన నేనుంటాను. చిన్నప్పుడు కూలికి పోతూ గట్టున వదిలేసిపోయేదాన్ని. ఇప్పుడు వదలను." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. "నాకంటే ముందు పోయావనుకో, అప్పుడు చూద్దాంలే."

శ్యామ్‌కు నవ్వు వచ్చింది. మీరు చూసిన చూపుకు లోపలికి వెళ్ళిపోయాడు. నేను చెప్పులేసుకుని బస్సుకు వచ్చేశాను.

బస్సులో మీ మీద కోపం వచ్చింది. రైల్లో ఆ కోపం నిలవలేదు. నోరు తెరవకపోవడం అక్కర్లేక కాదని మీకు రాయాలనుకున్నాను. రాసి ఏం లాభం? అక్కర్లేనివాడు కూడా ఆ మాటే అంటాడు. మీకు తేడా ఎలా తెలుస్తుంది? నన్ను నమిలేస్తున్నది మీకు తెలియకపోవడం కాదు. స్టెల్లాకు తెలిసిందా అన్నది. తనేమడిగినా 'నీ ఇష్టం' అన్నాను. మా అమ్మ తనని ఒక మాట అంటే అమ్మకూ 'నీ ఇష్టం' అన్నాను. అది పెద్దమనిషి తరహా అనుకున్నాను. డెన్మార్క్ వెళ్దామన్న సాయంత్రం చెప్పులు విప్పకుండా నిలబడింది కదా. నేను 'వెళ్దాం' అంటానని నిలబడిందని నిన్న రాత్రి తోచింది. ఇక అడగడానికి మనిషి లేదు.

మీరు ఇవ్వనన్నారు. నేను ఒప్పుకోవడం లేదు. వచ్చే నెల సంవత్సరం కూడికకు వస్తాను, పాస్టరుగారి ముందు, మీ ఊరందరి ముందు అడుగుతాను. మీరు ఇవ్వనంటారు. ఈస్టరుకు వచ్చి మళ్ళీ అడుగుతాను. రాయి మీద పేరు సంగతీ అడుగుతాను. మీరు నాకంటే ముందు వెళితే శ్యామ్‌తో పోట్లాడతాను. ఇది చాటుగా అనుకోవడం నాకిష్టం లేదు, అందుకే మీకే చెబుతున్నాను. నేను ముందు వెళితే మాట తప్పకండి. మీరన్న మాటకు శ్యామ్ సాక్షి.

నిన్న టీలో పంచదార మరీ ఎక్కువైంది. ఆ మాట కూడా అక్కడే చెప్పాల్సింది. ఈసారి తక్కువ వేయమనండి.

స్టెల్లా భర్త,
అజయ్ బాబు